మా అవ్వ తుమ్ము, కొలరాడో మంచు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క తుమ్ముకు ఉన్న విలువ, ఈ వయసులో నేను చదివి, ఆరా తీసి, వేలు పెట్టి చూపించి చెప్పే మాటకు లేదు. కోపంతోనే రాస్తున్నాను. మొన్న ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి పిల్లలతో కొలరాడో వెళ్ళి వచ్చినప్పటి నుంచి ఈ కోపం నన్ను వదలడం లేదు. అదెందుకో తెలియాలంటే ముందు మా అవ్వ తుమ్ము సంగతి చెప్పాలి.

మాది రాయలసీమలో ఏటి ఒడ్డు ఊరు. ఏరంటే ఏడాదిలో చాలా నెలలు ఇసకే. వానలకు నీళ్ళు వచ్చి తగ్గిపోయాక కొన్నాళ్ళు మాత్రం ఆ ఇసకను నమ్మడానికి వీల్లేదు. పైన ఎండకు ఆరి పెచ్చు కడుతుంది. కాలు పెడితే గట్టిగానే ఉంటుంది. లోపల మాత్రం నీరు ఇంకా కదులుతూనే ఉంటుంది. ఊబి అంటే అదే. మనిషి నడిచిపోయిన చోట బండి దిగబడుతుంది. ఒక బండి పోయిన చోటే ఇంకో బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది, ఎద్దులతో సహా. తాగే నీళ్ళ కోసం మా ఆడవాళ్ళు ఆ ఇసకలో చెలమలు తీసేవారు. చేత్తో గుంత తవ్వితే నీరు ఊరుతుంది. గుంత గోడలు నిలిచాయంటే ఏరు గట్టిగా ఉన్నట్టు. తీసిన కొద్దీ గోడలు కూలి గుంత పూడిపోతుంటే, ఆ రోజు బండి దించకూడదు. ఇదేమీ మా అవ్వ ఒక్కదానికే తెలిసిన రహస్యం కాదు. మా తాతకు తెలుసు, బండి తోలేవాడికి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆ రోజు మా చిన్నత్తకు తాంబూలాలు. చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు. పిల్లవాడిది అవతలి ఒడ్డున ఊరు. ఏటికి అడ్డంగా పడితే ముహూర్తానికి చాలా ముందే చేరతాం. వంతెన మీదుగా చుట్టు తిరిగితే ముహూర్తం దాటిపోతుంది. రెండు బండ్లు కట్టారు. ఒకదాంట్లో ఆడవాళ్ళు, పిల్లలు. రెండో దాంట్లో అరటి గెలలు, బెల్లం బుట్టలు, మగవాళ్ళు. నేను కొత్త చొక్కా తొడుక్కుని ముందు బండిలో తోలే మామ పక్కన చోటు సంపాదించాను. బండి గట్టు దిగి ఇసకలో పడే ఆ కుదుపు కోసం తెల్లారక ముందే లేచి కూర్చున్నవాణ్ణి.

అవ్వ పొద్దున్నే చెలమకు పోయి ఖాళీ బిందెతో వచ్చింది. గుంత నిలవలేదట. తాత దగ్గరికి పోయి మెల్లిగా, "చుట్టు తిరిగి పోదామా" అంది. తాత అటూ ఇటూ చూసి, "బయలుదేరే యేళకు అడ్డం మాట్లాడొద్దు. ఊరుకో" అన్నాడు. మావైపు అది పెద్ద తప్పు. శుభమా అని కదులుతున్నవాళ్ళను ఎక్కడికని అడగకూడదు, వద్దు అని అసలే అనకూడదు. తర్వాత ఏదైనా జరిగితే ఇసక వల్ల జరిగిందనరు, ఆ నోటి వల్ల జరిగిందంటారు. అందుకే తోలే మామ ఏటివైపు ఒకసారి చూసి ఎద్దుల మెడ నిమురుతూ ఉండిపోయాడు. మా నాయన ఉన్న పంచెనే మళ్ళీ విప్పి కట్టుకున్నాడు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఎవరో ఒకరు అనాలని మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అప్పుడు అవ్వ లోపలికి పోయింది. నేను బండి మీద నుంచి చూస్తూనే ఉన్నాను. గోడ గూట్లో ఉన్న తాత ముక్కుపొడుం డబ్బీ తీసి ఒక చిటికె పీల్చింది. ఆవిడకు ఆ అలవాటు లేదు. తలుపు దగ్గరికి వచ్చి, తాత ఎద్దులను అదిలించమనబోతుండగా తుమ్మింది. ఒక్కటే. రెండో తుమ్ము వస్తుంటే కొంగుతో ముక్కు నులిమి పట్టుకుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా వదల్లేదు. ఎందుకంటే ఒంటి తుమ్ము అపశకునం. జంట తుమ్ములైతే శుభం, ఇంకా తొందరగా బయలుదేరతారు.

అందరూ దిగారు. కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. మళ్ళీ ఎక్కారు. మళ్ళీ ఒంటి తుమ్ము. తాత మొహం నల్లబడింది. "ఈ ముసల్దానికి ఈ రోజే పట్టిందా జలుబు" అన్నాడు. మూడోసారి కూడా అయ్యాక ఇంకేమీ అనకుండా బండ్లను వంతెన దారికి మళ్ళించాడు. తోలే మామ గట్టిగా ఊపిరి వదలడం పక్కనే ఉన్న నాకు వినిపించింది. భార్య మాటకు ఆగితే నలుగురిలో చులకన. తుమ్ముకు ఆగితే పెద్దమనిషి. మా తాత మర్యాద పోకుండా ఆగడానికి అవ్వ ఒక సాకు చేతికిచ్చింది, అంతే.

మేం పోయేసరికి ముహూర్తం దాటింది. పిల్లవాడివైపు పెద్దలు మూతులు ముడుచుకుని ఉన్నారు. సాయంత్రం ఇంకో గడియ వెతికి తాంబూలాలు కానిచ్చారు. చిన్నత్త దారంతా ఏడ్చింది. అన్నిటికన్నా దెబ్బ ఏమిటంటే, మా ఊరి చింతపండు బండి ఒకటి ఆ పొద్దున్నే ఏరు దాటి సుఖంగా వచ్చేసింది. ఆ బండివాడు వాళ్ళ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, "ఏం పెద్దాయనా, ఇంత ఆలస్యం" అని మా తాతను అడిగాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఏ మంచిపనికి బయలుదేరినా అవ్వను పెరట్లోకి పంపేవారు. తుమ్ముల ముసలమ్మ అని పేరు పడింది. చిన్నత్తను అత్తగారింటికి పంపిన రోజున కూడా, కన్నతల్లి వాకిట్లో లేదు. పెరట్లో నీళ్ళ గాబు పక్కన నిలబడి ఉంది. నేను పోయి అడిగాను, పిల్లవాణ్ణి కదా, తెలియనితనం. "ఆ చింతపండు బండి పోయింది కదవ్వా. ఏమీ కాలేదు కదా. నీదే తప్పు కదా" అన్నాను.

"ఆ బండి పోయింది, నేనూ యిన్నా. మన బండి పోయుంటే ఏమయ్యేదో నువ్వు చూడలా, నేనూ చూడలా. చూడకుండా ఉండడానికే కదరా నాయనా ఇదంతా" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నన్ను ముందుకు పోయి చిన్నత్తను చూసి రమ్మంది.

ఇక ఇప్పటి సంగతి. నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా నా అంతట నేను నేర్చుకున్నదే. కొన్నేళ్ళుగా అమెరికాలో, ఇర్వింగ్‌లో మా అమ్మాయి, అల్లుడి దగ్గర ఉంటున్నాను. కిందటి ఏడాది వాళ్ళతో మొదటిసారి కొలరాడో కొండలకు పోయినప్పుడు రోడ్డు పక్కన ఒక బోర్డు చూశాను. మంచు జారే చోటు, ఇక్కడ ఆగవద్దు అని. ఎందుకు జారుతుంది అని కార్‌లో అందరినీ అడిగాను. కార్ నిండా ఇంజినీర్లు. ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకుందామని కూడా లేకపోవడమే నాకు మండింది. అక్కణ్ణుంచి ఇర్వింగ్‌కి వచ్చి, మంచు ఎప్పుడో గానీ పడని ఊళ్ళో కూర్చుని, ఏడాది పాటు మంచు గురించి చదివాను. పాఠాలన్నీ ఫ్రీగానే ఉన్నాయి. చదవడానికి మనిషే కావాలి.

మంచు అంటే ఒకటే దుప్పటి అనుకుంటారు. కాదు. ఒక్కో తుఫానుకు ఒక్కో పొర. చలికాలం మొదట్లో పలచగా పడ్డ మంచు, ఆకాశం తేటగా ఉండే గడ్డకట్టే రాత్రుల్లో పట్టు వదిలేసి పంచదార గింజల్లా మారుతుంది. గుప్పిట్లో పట్టి నొక్కినా ముద్ద కాదు. దాని మీద తర్వాతి తుఫాన్ల మంచు గాలికి కొట్టుకొచ్చి పలకలా గట్టిపడుతుంది. పైన పలక, కింద పంచదార. మనిషి బరువు పడి కింది గింజలు కూలితే, పైన పలక మొత్తం పగిలి కొండ వాలున కిందికి వచ్చేస్తుంది. మరీ నిటారు కొండల మీద మంచు నిలవదు, బల్లపరుపు నేల మీద జారదు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు, అంటే నడిచేవాడికి ఎక్కుదాం అనిపించే కొండే, ప్రమాదం. ఇంకో మాట. అలాంటి వాలు కింద చదునులో నడిచినా చాలు, అక్కణ్ణుంచే పైనున్నదాన్ని కదిలించవచ్చు. అక్కడివాళ్ళు పొద్దున్నే ఏ కొండల్లో ఎంత ముప్పు ఉందో ఒకటి నుంచి అయిదు దాకా మెట్లు వేసి హెచ్చరిక పెడతారు. ఫోన్‌లో చూసుకోవడమే.

ఈసారి మా అల్లుడి పాత క్లాస్‌మేట్, అతని భార్య పార్సిప్పనీ అనే ఊరి నుంచి వచ్చి కలిశారు. అందరం ఒక క్యాబిన్ అద్దెకు తీసుకున్నాం. మర్నాడు మంచులో కాలు దిగబడకుండా స్నో షూస్ వేసుకుని గడ్డకట్టిన సరస్సు దాకా నడవాలని ప్లాన్. దారి గురించి రివ్యూలు చూశారు, అన్నీ మెచ్చుకోళ్ళే. ఆ రివ్యూలు రాసినవాళ్ళంతా ఎండాకాలంలో నిక్కర్లు వేసుకుని పోయినవాళ్ళని నేను ఫొటోలతో సహా చూపించాను. పొద్దున్న టిఫిన్ దగ్గర హెచ్చరిక చదివి వినిపించాను. మూడో మెట్టు. పాత బలహీనపు పొర ఇంకా అలాగే ఉంది, ఉత్తరం, తూర్పు వాలుల మీద జాగ్రత్త అని రాశారు. మా సరస్సు దారి ఎక్కేది తూర్పు వాలే.

పార్సిప్పనీ అబ్బాయిది కరీంనగర్. మంచివాడే, నవ్వుతూ ఉంటాడు. "ఫైవ్‌ల త్రీ అంటే సిక్స్టీ పర్సెంట్ అంకుల్. ఫస్ట్ క్లాస్ గదా" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మూడో మెట్టు రోజే మనుషులు ఎక్కువగా చచ్చిపోతారు నాయనా, నాలుగో మెట్టు, అయిదో మెట్టు ఉన్న రోజుల్లో భయపడి ఇంట్లో ఉంటారు, మూడు చూసి మధ్యస్థం అనుకుని బయలుదేరతారు అని చెప్పాను. వాలు కొలిచే మ్యాప్ తెరిచి చూపించాను. మా అల్లుడు నా చేతిలోంచి ఫోన్ మెల్లిగా తీసి బల్ల మీద పెట్టి, "మామయ్యా, ఫ్లైట్స్ బుక్ చేసి, లీవ్ అప్రూవ్ చేయించుకుని, ఇంత దూరం వచ్చాం. పొద్దున్నే నెగటివ్‌గా వద్దు ప్లీజ్" అన్నాడు.

బయలుదేరే యేళకు అడ్డం మాట్లాడొద్దు. మాట మారింది, అంతే.

నేనూ వెంట నడిచాను. చెట్ల మధ్య దారి చదునుగానే ఉంది, నా మోకాళ్ళు సహకరించాయి. మనవరాలు ముందు పరిగెడుతోంది, దానికి పన్నెండేళ్ళు. కొంత దూరం పోయాక పాదాల కింద ధబ్‌మని మెత్తటి చప్పుడు అయింది. ఎక్కడో లోపల పెద్ద పరుపు కుంగినట్టు. నేల ఒక్క వేలెడు దిగినట్టు అనిపించింది. "వాట్ వాజ్ దట్, తాతా" అని పాప ఆగింది. పుస్తకాల్లో చదివిందే గానీ ఆ చప్పుడు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. కింద పొర కూలిన చప్పుడు అది. మంచు తన నోటితో తానే వద్దని చెప్పడం. ఇంతకంటే రుజువు కొండ ఇవ్వదు. అదే మాట వాళ్ళతో అన్నాను.

చెట్లు అయిపోయి ఎదురుగా తెల్లటి వాలు కనబడింది. దాని మీద అడ్డంగా పొద్దున్నే పోయినవాళ్ళ అడుగుల జాడ.

"చూడండి మామయ్యా, ఎంతమంది వెళ్ళారో" అన్నాడు అల్లుడు.

"పోయినవాళ్ళ జాడ అది. గట్టితనం జాడ కాదు."

"అంకుల్ పీహెచ్‌డీ చేసిండు మంచు మీద" అన్నాడు కరీంనగర్ అబ్బాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి దగ్గరా మంచులో పడినవాణ్ణి వెతికే పరికరం లేదు, పార లేదు. పడితే తవ్వడానికి చేతులే. ఏడాది చదివిన చదువు నోట్లోనే ఉంది, వినేవాడు లేడు. ఆ మంటలో నాకు అవ్వ గుర్తుకొచ్చింది. తుమ్మితే సరిపోతుందా అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, ఆ చలికి ముక్కు కారుతూనే ఉంది. కానీ ఇక్కడ తుమ్మితే నలుగురూ బ్లెస్ యూ అని ముందుకు నడుస్తారు. ఈ దేశంలో ఆ సాకు చెల్లదు.

అప్పుడు తట్టింది నాకు. మా అవ్వ ఏటి గురించి తాతతో వాదించి గెలవలేదు. తనే చిన్నదై, చెడ్డదై, ఆ ఆగడాన్ని తన ముక్కు మీద వేసుకుంది. నేనేమో పొద్దున్నుంచీ గెలవాలని చూస్తున్నాను. పొరలు, డిగ్రీలు, మెట్లు. చెప్పే ప్రతి మాటకూ వాళ్ళ దగ్గర ఒక జవాబు ఉంది. వాళ్ళు ఇంజినీర్లు, జవాబులకు కొదవేముంది. వాళ్ళు ఆగాలంటే నేను ఓడిపోవాలి.

నాలాంటివాడికి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకే తెలుసు. జీవితంలో ఎవరి ముందూ అనలేదు. ఊతకర్ర మంచులో గుచ్చి నిలబడి, "నాకు భయంగా ఉంది" అన్నాను. "మంచు సంగతి పక్కన పెట్టండి. నాకు భయమేస్తోంది. నేను అడుగు వేయలేను. మీరు పోతే ఇక్కడ నిలబడి చూడలేను."

 నవ్వుదామనుకున్న కరీంనగర్ అబ్బాయి నవ్వలేదు. భయానికి జవాబు ఏముంటుంది. అతని భార్య, పొద్దున్నుంచీ పెద్దగా నోరు విప్పని పిల్ల, నా పక్కకు వచ్చి నిలబడింది.

"నాకూ భయంగానే ఉంది అంకుల్. ఆ సౌండ్ విన్నప్పటి నుంచి వెనక్కి వెళ్దామనే అనిపిస్తోంది. చెప్తే మూడ్ స్పాయిల్ చేశానంటారని చెప్పలేదు."

"అరె, నాకు చెప్పొచ్చు గదా" అన్నాడు ఆమె భర్త.

"చెప్తే వింటవా నువ్వు" అంది.

మా అమ్మాయి పాప చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. "నాకు కూడా వద్దనే ఉంది నాన్నా" అంది మా అల్లుడివైపు చూడకుండా. చూశారా. నేను కాక నలుగురు పెద్దవాళ్ళలో ఇద్దరికి ముందే వద్దనిపించింది. లోపల ఉంచుకుని, నవ్వుతూ ఫొటోలు దిగుతూ, ఆ వాలు దాకా వచ్చారు. ఇంకో వంద అడుగులు కూడా అలాగే నవ్వుతూ పోయి ఉండేవారు. ఎందుకీ చదువులు, నాకు అర్థం కాదు.

వెనక్కి నడిచాం. అల్లుడు అందరికంటే ముందు నడిచాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ కొండ జారలేదు. ఆ రోజూ జారలేదు, మర్నాడూ జారలేదు. సాయంత్రం క్యాబిన్‌లో పులిహోర తింటుంటే అల్లుడు ఫోన్ తిప్పి చూపించాడు, సరస్సు మీద నిలబడి చేతులు చాపుకున్న మనుషులు, ఆ రోజు పోయినవాళ్ళు పెట్టిన ఫొటోలు. "మామయ్యా, వీళ్ళందరూ వెళ్ళొచ్చారు" అన్నాడు. కరీంనగర్ అబ్బాయి కిటికీలోంచి చూసి, "కొండ గాడనే ఉంది అంకుల్, ఎటూ పోలే" అన్నాడు. పాప కంచం దూరంగా నెట్టి, "తాతా, నువ్వు ట్రిప్ మొత్తం రూయిన్ చేశావ్" అంది, దాని అమెరికా తెలుగులో. మళ్ళీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో, ఇంత ఖర్చూ వృథా అయిందని ఒకరంటే, ముసలివాళ్ళను తీసుకురాకూడదేమో అని ఇంకొకరు మెల్లిగా అన్నారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

పలక గురించి, పంచదార గురించి మళ్ళీ మొదలుపెడదామని నోటి దాకా వచ్చింది. నేను సరిగ్గా చెప్పానని నిరూపించే దారి ఒక్కటే ఉంది. అది నాకు అక్కర్లేదు. జాగ్రత్తపడ్డవాడి చేతికి రుజువు ఎప్పటికీ రాదు. వచ్చిందంటే, చెప్పుకోవడానికి ఎదురుగా మనుషులు ఉండరు. ఇది ఎంత అన్యాయమో ఆలోచించిన కొద్దీ నాకు కోపం వస్తూనే ఉంటుంది. ఇప్పటికీ ఉంది. అవ్వకు కూడా ఉండి ఉంటుంది, గాబు పక్కన నిలబడి కూతురి బండి కదిలే చప్పుడు వింటున్నప్పుడు. పైకి చెప్పలేదు, అంతే.

వచ్చే చలికాలం మళ్ళీ పోదామంటున్నారు. నన్ను పిలుస్తారో లేదో తెలియదు. పిలిస్తే ఒక షరతు పెడతాను. మాలో ఎవరు వద్దన్నా సరే, పన్నెండేళ్ళ పాప అన్నా సరే, ఎందుకని అడక్కుండా వెనక్కి తిరగాలి. ఒప్పుకోకపోతే మళ్ళీ నేనే భయపడతాను. ఆ రాత్రి మాత్రం నేనేమీ అనలేదు. మా అమ్మాయి ఇంకొంచెం వడ్డిస్తానంటే కంచం చాపాను. బల్ల చుట్టూ అందరూ నన్ను ఆడిపోసుకుంటున్నారు. పొద్దున్న బయలుదేరిన గొంతుల్లో ఒక్కటి కూడా తగ్గలేదు. ఏ గొంతు ఎవరిదో లెక్కపెట్టుకుంటూ, కడుపు నిండా తిన్నాను.